మామ్మ నవ్వును కూడా సమాధి చేశాం

మన సంఘాల్లో వయసు మళ్ళిన ఒక తల్లి ప్రభువునందు నిద్రిస్తే ఆ తరువాత జరిగే జ్ఞాపకార్థ కూడిక ఎలా ఉంటుందో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. వీధిలో షామియానా, గుమ్మం దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో ఎప్పుడో రేషన్ కార్డు కోసం తీయించిన బిగుసుకుపోయిన ఫొటో. ముగ్గురు దైవజనుల సందేశాలు, కుటుంబసభ్యుల సాక్ష్యాలు, చివర భోజనాలు. ఆ భోజనాల కోసం చేసిన అప్పు తరువాతి ఏడాది కూడికనాటికీ తీరని ఇళ్ళు మాకు తెలుసు. అది మరో వారం రాయవలసిన సంగతి.

ఈ వారం మా బాధ ఆ సాక్ష్యాల గురించి. "ఆమె ప్రార్థనాపరురాలు. విశ్వాస వీరురాలు. సంఘానికి స్తంభం వంటిది." పేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఈ మాటలు మారవు. నాలుగు కూడికలకు వెళ్ళి వచ్చినవారు ఏ మాట ఏ తల్లి గురించి విన్నారో గుర్తు తెచ్చుకోలేరు. ఇవి అబద్ధాలని మేము అనడంలేదు. కాని వీటిలో ఆ తల్లి ఉండదు. ముఖ్యంగా ఆమె నవ్వు ఉండదు.

ఇలా చెప్పినవారిలో మేము కూడా ఉన్నాం. మా సొంత మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, 1999 వానకాలంలో ప్రభువు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ మాటలు చెప్పింది మేమే.

ఆమె భీమునిపట్నం దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయి విశాఖ వన్‌టౌన్‌కు వచ్చింది. మా తాత పోర్టులో కలాసీ. 1933లో పోర్టు తెరిచిన కొద్దికాలానికే పనిలో చేరినవాడు. ముప్పై ఏళ్ళు దాటాక ఒక బైబిలు స్త్రీ దగ్గర అక్షరాలు నేర్చుకొని, మత్తయి సువార్త కూడబలుక్కొని చదివేది మామ్మ. వంశావళి దగ్గరే ఆరు నెలలు ఆగిపోయిందట. "ఆ పేర్లన్నీ దాటి యేసుబాబు పుట్టేసరికి నాకు నడుం నొప్పొచ్చీసింది బావూ, మరియమ్మ ఎలా మోసిందో" అనేది.

వన్‌టౌన్‌లో కాపురమున్నవారికి పోర్టు దుమ్ము సంగతి తెలుసు. మాంగనీసు, ఇనుప ఖనిజం, బొగ్గు. ఉదయం ఆరేసిన బట్ట సాయంత్రానికి రంగు మారుతుంది. ఆదివారం తెల్లచీర కట్టుకొని గుడికి వెళ్ళడం మామ్మకు వ్రతమంత నియమం. ఒకరోజు పాపక్షమాపణ గురించి, హిమముకంటె తెల్లగా కడగబడడం గురించి అయ్యగారు గట్టిగా ప్రసంగిస్తుంటే, పక్కనున్న ఆవిడతో అందరికీ వినిపించేటంత గుసగుసగా అన్నదట: "పోర్టు పక్కన కాపురమెట్టి హిమం కంటె తెలుపంటే ఎలాగమ్మా? దానికి పైకే ఎల్లాలి."

వన్‌టౌన్ నుంచి చూస్తే మూడు కొండలు కనిపిస్తాయి. రాస్‌హిల్ మీద మరియమ్మ గుడి, పక్కన దర్గా కొండ, ఆ పక్కన వెంకటేశ్వరస్వామి కొండ. మతసామరస్యానికి గుర్తుగా ఆ మూడింటినీ చూపిస్తారు. మామ్మ లెక్క వేరు. "మూడు కొండలూ మూడు మతాలోళ్ళకి ఇచ్చీసి, మన మిషనోళ్ళకి పల్లం మిగిల్చేరు. అందుకే వానొస్తే మన గుళ్ళోకే నీళ్ళొస్తాయి."

ఆమె అందరినీ నవ్వించేది, కాని అందరినీ చూసి నవ్వేది కాదు. ఆకలితో వచ్చినవాడి మీద, ఏడుస్తున్న ఇంటి మీద ఆమె నోట హాస్యం రాదు. ఎక్కువ భాగం తన మీద, మా మీద, పెద్దమనుషుల మీద వేసుకునేది. ఇంత చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి. ఆ నాలుక ఒక్కొక్కసారి మా అమ్మను కోసేది. అత్తగారి మాటకు అందరూ నవ్వుతుంటే వంటగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్న రోజులు మా అమ్మకు ఉన్నాయి. మామ్మకు అది తెలిసిన రోజున చేపల పులుసు తానే వండి, మొదటి ముద్ద కోడలికి పెట్టేది. క్షమించమని నోటితో అడగడం మాత్రం ఆమెకు రాదు. జ్ఞాపకార్థ కూడికల్లో ఇలాంటివి ఎవరూ చెప్పరు. చెబితే మామ్మ తగ్గిపోతుందని భయం.

మేము సెమినరీ చదువు ముగించుకొని వచ్చిన కొత్త. వేదాంత పట్టా, హెబ్రీ గ్రీకు నిఘంటువులు, కొత్త జుబ్బా. మామ్మ వేళాకోళాలు సంఘకాపరి ఇంటికి తగవని మాకు తోచింది. ఎఫెసీ పత్రిక 5:4 తీసి, విశ్వాసుల నోట సరసోక్తులు రాకూడదని ఆమెకు చదివి వినిపించాం.

"సరసోక్తులంటే ఏటిరా?" అని అడిగింది.

"సరసమాడే మాటలు మామ్మా. వేళాకోళాలు."

కాసేపు ఆలోచించి, "అయితే మీ తాతతో నలభై ఏళ్ళు పాపం సేసేనన్నమాట" అంది.

పౌలు అక్కడ కాదన్నది బూతుల పక్కన నడిచే వెకిలితనాన్ని. ముసలి తల్లి నోటి చమత్కారాన్ని కాదు. అది మాకు అప్పుడు తెలియకపోలేదు. కాని కొత్త పాస్టరుకు తెలిసిన సంగతి ఒకటి, చేతిలో ఉన్న అధికారం ఇంకొకటి. మా తొలి ప్రసంగాలు గంటంపావు సాగేవి. ఆమె మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకొని, అపొస్తలుల కార్యాలు 20వ అధ్యాయంలో పౌలు ప్రసంగం వింటూ కునికి మూడో అంతస్తు కిటికీలోంచి పడిపోయిన ఐతుకును గుర్తుచేసింది. "మన గుడికి మేడ నేదు కాబట్టి సరిపోయింది నాయినా."

ఆమె తరచుగా చెప్పే కథ 1942 నాటిది. ఆ ఏడాది ఏప్రిల్ 5 ఈస్టరు ఆదివారం. మర్నాడు, ఏప్రిల్ 6 సోమవారం, జపాను విమానాలు వచ్చి విశాఖ పోర్టు మీద బాంబులు వేశాయి. జనం పిల్లా పాపలతో ఊరొదిలి పల్లెలకు పరుగెత్తారు. వాళ్ళలో మామ్మ కూడా ఉంది. అప్పటికి ఇరవై ఏళ్ళు. "ఆదివారం ప్రభువు లేచేడు, సోమారం ఊరంతా లేచిపోయింది" అని మొదలుపెట్టేది. ఎవరి చేతిలో ఏముందో చెప్పేది. ఒకడు రోలు మోసుకొచ్చాడట, రోకలి మరిచిపోయాడట. మేము ఈ కథ వంద సార్లు వినివుంటాం. వంద సార్లూ నవ్వాం.

ఆ పరుగులో ఆమె చంకలో ఏడాది నిండని ఆడబిడ్డ ఉందని, తలదాచుకున్న పల్లెలో జ్వరమొచ్చి ఆ బిడ్డ చనిపోయిందని మాకు ఆమె చెప్పలేదు. భూస్థాపన అయిన వారానికి మా నాన్నగారు చెప్పారు. ఆయనకు కూడా ఒక్కసారే చెప్పిందట.

ఇప్పుడు శారా దగ్గరకు రావాలి. ఆదికాండం 18వ అధ్యాయంలో శారా గుడారంలో నవ్వుకుంది. అది సంతోషపు నవ్వు కాదు. ఏళ్ళ తరబడి ఎదురుచూసి అలిసిపోయిన స్త్రీ లోలోపల నవ్విన చేదు నవ్వు. ప్రభువు అడిగితే భయపడి నవ్వలేదని బొంకింది. ఆయన ఊరుకోలేదు, నవ్వావన్నాడు. అయితే ఆయన ఆ నవ్వును శిక్షించలేదు. పుట్టిన బిడ్డకు ఇస్సాకు అని పేరు పెట్టించాడు. ఆ పేరులోనే నవ్వు ఉంది. విశ్వాసుల తల్లిగా మనం పిలుచుకునే స్త్రీ జీవితమంతా తన కొడుకును పిలిచినప్పుడల్లా ఆ నవ్వునే పిలిచింది. చేదుగా మొదలైన నవ్వు తొంభై ఏళ్ళ వయసులో ఒడిలో ఆడుకుంది. మామ్మ 1942 కథను మేము అలాగే అర్థం చేసుకుంటున్నాం. మేము విన్నది హాస్యం. ఆమె చెప్పింది వేరేదేమో.

నవ్వు భక్తికి చేటు అనే పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ళు ఊరికే అనడంలేదు. నవ్వుకంటె దుఃఖమే మేలన్న ప్రసంగి గ్రంథం (7:3) ఉంది, ఇప్పుడు నవ్వుతున్నవారికి శ్రమ అన్న ప్రభువు మాట (లూకా 6:25) ఉంది. యాయీరు ఇంట్లో ప్రభువును చూసి అపహసించినవారూ ఉన్నారు. ఈ వచనాలను మేము దాటవేయడంలేదు. కాని ప్రభువు శ్రమ పలికింది కడుపునిండి, పక్కవాడి ఆకలి పట్టకుండా నవ్వేవారికి. బిడ్డను పరాయి పల్లె మట్టిలో పెట్టి వచ్చి, యాభై ఏడేళ్ళు మనుషుల్ని నవ్వించిన తల్లికి ఆ వచనం చూపించడానికి మాకిప్పుడు చేతులు రావు.

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో (1:5) తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో ఉండేదని గుర్తుచేశాడు. కొత్త నిబంధన మొత్తంలో అవ్వ అనే మాట వచ్చేది ఆ ఒక్క చోటే. గ్రీకులో ఆ మాట ఏమిటో తెలుసా? 'మమ్మే'. మన కోస్తావాళ్ళ 'మామ్మ'కు ఎంత దగ్గరగా ఉందో చూడండి. రెండు భాషలకూ చుట్టరికం ఉందని మేము అనడంలేదు. పసివాడి నోటికి తేలికగా వచ్చే మాట ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు. పౌలు లోయిని గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేశాడు. ఆమె తిమోతికి లేఖనాలు ఎలా నేర్పిందో, ఏ కథ చెప్పి అన్నం తినిపించిందో ఎవరూ రాయలేదు.

మన ఊరి సంగతీ అంతే. తెలుగు సువార్తల అనువాదానికి విశాఖపట్నానికి ఉన్న సంబంధం చాలామంది విశ్వాసులకు తెలియదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ ఇక్కడికి వచ్చారు. ఆనందరాయర్ అనే విశ్వాసి సాయంతో అనువాదం సాగింది. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజ్ చనిపోయారు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చయిన పుస్తకాన్ని అనువదించినవారు చూడనేలేదు. ఆ తరువాతి కాలంలో జాన్ హే కూడా ఈ ఊళ్ళోనే ఉండి తెలుగు బైబిలు కోసం పాటుపడ్డారు. వారికి మనం రుణపడి ఉన్నాం. అయితే ఆ పుస్తకాన్ని ఇంటింటా నోటి మాటగా మార్చి, నిద్రపోయే పిల్లల చెవుల్లో పోసిన మామ్మల పేర్లు ఏ చరిత్రలో ఉన్నాయి? వాళ్ళ మాటలు వాళ్ళతోనే పోయాయి.

మామ్మ భూస్థాపన రోజుకు వస్తాం. గుడి నిండింది. మేము సామెతలు 31వ అధ్యాయం తీసుకొని నలభై నిమిషాలు మాట్లాడాం. గుణవతియైన భార్య. 25వ వచనం దగ్గర, మన తెలుగు బైబిల్లో ఉన్నట్టుగానే, ఆమె రాబోవు కాలాన్ని గురించి నిర్భయంగా ఉంటుందని వివరించాం. ప్రార్థనాపరురాలు అన్నాం. స్తంభం అన్నాం. ఒక్కరూ నవ్వలేదు. బాగా జరిగిందని పెద్దలు మెచ్చుకున్నారు.

మధ్యలో ఒకటి జరిగింది. వెనుక నుంచి ఒక ముసలావిడ లేచింది. జాలరి వీధి నుంచి వచ్చి గంపతో చేపలమ్మిన మనిషి. మామ్మకు పెళ్ళయిన నాటి నుంచి స్నేహితురాలు. 1942లో ఇద్దరూ ఒకే పల్లెకు పారిపోయారు. ఆమె కర్ర పట్టుకొని నిలబడి, "ఆ పల్లెలో మీ మామ్మ ఒకపాలి ఏటి సేసిందో సెప్తాను బావూ, ఎవులూ నవ్వకండి" అంది. అనేటప్పుడే ఆమె ముఖంలో నవ్వు కదిలింది. శవపేటిక ముందు ఇదేమిటని మాకు చెమట పట్టింది. పాటల నాయకుడికి సైగ చేశాం. ఆయన పాట అందుకున్నాడు. ఆవిడ కొంతసేపు అలాగే నిలబడి, తరువాత కూర్చుంది.

వారం తరువాత నాన్నగారి నోట బిడ్డ సంగతి విన్నాక ఆమె ఇంటికి వెళ్ళాం. కొడుకు దగ్గరికి వెళ్ళిందన్నారు. మరో రెండు నెలలకు వెళితే ఆమె కూడా లేదు. బిడ్డను పాతిపెట్టిన ఆ పల్లెలో, ఆ రోజుల్లో, మామ్మ ఏం చేసింది? నవ్వు తెప్పించే పని ఏం చేసి ఉంటుంది? చూసిన మనిషి ఒక్కతే. ఆమెను కూర్చోబెట్టింది మేము.

చాలా ఏళ్ళ తరువాత ఒక స్త్రీల కూటానికి సామెతలు 31 మళ్ళీ సిద్ధపడుతూ, ఈసారి హెబ్రీ మూలం తెరిచాం. 25వ వచనంలో నిర్భయం అనే అర్థమిచ్చే మాట లేదు. అక్కడున్నది నవ్వడం. ఆమె రాబోయే కాలాన్ని చూసి నవ్వుతుంది. ఇస్సాకు పేరులోని నవ్వుకు ఇది అన్నదమ్ముల బిడ్డ లాంటి మాట. మన అనువాదకులు భావం చెప్పారు, తప్పు చేయలేదు. భయంలేనివాడే నవ్వగలడు. కాని భావం మిగిలి నవ్వు పోయింది. సెమినరీలో హెబ్రీకి మార్కులు తెచ్చుకున్న మేము, భూస్థాపన రోజున ఆ పేజీ తిప్పి చూడలేదు. చూడవలసిన అర్థం పేటికలో మా ముందే ఉంది.

రాబోయే కాలాన్ని చూసి నవ్వడం మామ్మకు ఉక్కు నగరంలోనూ తెలుసు. మా చిన్నాన్నకు స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చాక ఆమె కొన్నాళ్ళు క్వార్టర్లో ఉంది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. "వాగ్దానమిచ్చేక శారమ్మ పాతికేళ్ళు కాసుకుంది. మనది ఇరవయ్యొకటే. తొందరగానే అయినట్టు" అంది మామ్మ. మొదటి బ్లాస్ట్ ఫర్నేసుకు గోదావరి అని, రెండోదానికి కృష్ణ అని పేర్లు పెట్టారని చిన్నాన్న చెబితే, "అగ్నిగుండానికి ఏటి పేరెట్టేరా! మనోళ్ళు తెలివైనోళ్ళురా" అని మురిసిపోయింది. చిన్నాన్న సి షిఫ్టుకు వెళ్ళే రాత్రి ఆమె ప్రార్థన మాకు ఇప్పటికీ చెవిలో ఉంది. షద్రకు, మేషాకు, అబేద్నెగోలను పేరుపేరునా తలుచుకొని, "ఆ గుండంలో నాలుగోవోడివి నువ్వు. ఐదోవోడు మా సిన్నోడు. కాస్త సూసుకో" అని ముగించేది. నవ్వొచ్చేది. ఆ ప్రార్థన అయ్యాక ఇంట్లో అందరికీ నిద్ర పట్టేది.

2021 జనవరిలో ఆ కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదించాక, మా సంఘంలో ప్రార్థన మనవుల చీటీలు మారిపోయాయి. ఇంటి లోను, అమ్మాయి పెళ్ళి, కాంట్రాక్టు పని ఉంటుందో పోతుందో. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించాకా కొందరి చీటీలు మారలేదు. ఈ ఇళ్ళన్నిటిలోనూ భక్తిగల తల్లిదండ్రులున్నారు, కుటుంబ ప్రార్థనలున్నాయి. పిల్లలకు మాత్రం ఆ ప్రార్థనలో పెద్దల భయమే వినిపిస్తున్నది. మామ్మ లాంటి ప్రార్థన చేసేవారు తగ్గిపోయారు. ఆ ప్రార్థనను మేము మనవలకు అందించలేదు. స్తంభం అని చెప్పి ఊరుకున్నాం. స్తంభాన్ని చూసి ఏ పిల్లవాడు ప్రార్థన నేర్చుకుంటాడు?

కాబట్టి తోటి సంఘకాపరులకు మా విన్నపం ఇది. జ్ఞాపకార్థ కూడికలో మన సందేశాలు మూడు ఉన్నచోట ఒకటి చాలు. మిగిలిన సమయం మనవలకు, ఇరుగుపొరుగువారికి, చేపలమ్మిన స్నేహితురాలికి ఇవ్వండి. వాళ్ళు ఏం చెబుతారో అని భయపడకండి. ఇంట్లో మామ్మ ఇంకా ఉన్నవారు సెల్‌ఫోనులో ఆమె పాట ఒక్కటే కాదు, ఆమె వేళాకోళం కూడా రికార్డు చేసి ఉంచుకోండి. అమెరికా నుంచి వీడియో కాల్‌లో కనిపించే మనవడు తిన్నావా, మందులేసుకున్నావా అని అడిగి పెట్టేస్తున్నాడు. ఇంకో ప్రశ్న అడగమనండి: మామ్మా, నువ్వు ఎప్పుడు బాగా నవ్వావు?

కిందటి ఏడాది మా సంఘంలో ఎనభై ఆరేళ్ళ ఒక తల్లి జ్ఞాపకార్థ కూడికను ఇలాగే జరిపాం. ఇంటర్ చదివే మనవరాలు కాగితం పట్టుకొని లేచింది. మొదట ప్రార్థనాపరురాలు అని చదివింది. తరువాత కాగితం మడిచేసి మా వైపు భయంగా చూసింది. చెప్పమ్మా అన్నాం.

"అయ్యగారు మా ఇంటికొచ్చి ప్రార్థన మొదలెడితే, మా మామ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అమ్మకి సైగలు చేసేది. ఇంకా ఆదికాండంలోనే ఉన్నారు, టీ అప్పుడే పెట్టకు, ప్రకటన గ్రంథం వచ్చాక చెప్తాను అని."

గుడి ఒక్కసారిగా నవ్వింది. ఆ తల్లి పెద్ద కొడుకు, అప్పటిదాకా బండలా కూర్చున్నవాడు, నవ్వుతూ నవ్వుతూనే భోరున ఏడ్చేశాడు. పెద్దలలో ఒకరు కోపంగా మా ముఖం చూశారు. మేమూ నవ్వుతున్నామని గమనించి తల దించుకున్నారు.

ముగింపు ప్రార్థన మాదే. మూడు మాటల్లో ముగించి ఆమెన్ అన్నాం. వెనుక వరుసలోంచి ఎవరో ముసలి గొంతు వినిపించింది: "లేవండే, టీ పెట్టండి."